సాన పట్టే యంత్రాల కార్ఖానా: ప్రాగా టూల్స్ దాస్తాన్

ఉర్దూలో 'సైఖల్' అని ఒక లఫ్జ్ ఉంది. కత్తికి పట్టిన జంగ్ వదలగొట్టి మెరుగు పెట్టడాన్ని సైఖల్ అంటారు. ఆ పని చేసేవాడు సైఖల్‌గర్. జనం నోళ్లల్లో నలిగి నలిగి ఆ మాటే సిక్లీగర్ అయింది. పాతకాలంలో ముఖం చూసుకునే అద్దాలు లోహపు రేకులతో చేసేవాళ్లు. వాటికీ జంగ్ పట్టేది, వాటినీ సైఖల్‌గరే తోమి మెరిపించాలి. అందుకే షాయరీలో దిల్‌ని ఆయినాతో పోల్చిన చోటల్లా జంగ్, సైఖల్ వెంటబడి వస్తాయి. షాయర్లు ఇంతగా వాడుకున్న ఆ సైఖల్‌గర్‌ని మాత్రం మెహఫిల్లోకి పిలిచి కూచోబెట్టిన దాఖలా నేనెక్కడా చదవలేదు.

తెలుగులో దీనికే 'సాన పట్టడం' అంటాం. ఉర్దూలోనూ 'సాన్' అనే అంటాం. ఒకే మాట రెండు ఇళ్లల్లో పెరిగింది. ఉర్దూ మీడియం బడిలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాబోటివాడికి ఇలాంటి మాట కనబడితే పాత దోస్త్ ఎదురైనంత ఖుషీ.

ఈ సాన పనికి యంత్రాలు తయారుచేసిన కార్ఖానా ఒకటి సికింద్రాబాద్ కవాడిగూడలో 1943 మేలో మొదలైంది. పేరు ప్రాగా టూల్స్ కార్పొరేషన్. మన బస్తీల్లో పెద్దవాళ్లు 'ప్రాగాటూల్స్' అని ఒకే మాటగా పలుకుతారు. నేను పత్రికలో కోర్టు వార్తలు రాసిన రోజుల్లో వకీళ్ల నోట ఈ పేరు తరచూ వినబడేది. "ప్రాగా టూల్స్ కేసులో సుప్రీంకోర్టు ఏమన్నదంటే..." అని మొదలుపెట్టేవాళ్లు. ఆ కంపెనీ ఏం చేసేదని అడిగితే మాత్రం చాలామంది "ఏవో పనిముట్లు" అని దాటేసేవాళ్లు. లా చదివే పిల్లలు పరీక్ష కోసం ఆ పేరు బట్టీ పడతారు. ఆ పేరు వెనక ఉన్న ఇనుము, చెమట, హునర్ ఎవరికీ పట్టదు. ఈ తారీఖ్ చెప్పుకోవాలని నాకు అనిపించింది అందుకే.

ముందు యంత్రం సంగతి చూద్దాం. లేత్ మీద ఇనుప ముక్కని చెక్కడానికి ఒక ఉలి కావాలి. మిల్లింగ్ మిషన్‌కు పళ్లున్న కట్టర్ కావాలి. పనిచేసే కొద్దీ అవి మొద్దుబారతాయి. మొద్దుబారిన కట్టర్‌తో కోస్తే ఇనుము తెగదు, చిరుగుతుంది. దాన్ని మళ్లీ పదును పెట్టే యంత్రాన్ని 'టూల్ అండ్ కట్టర్ గ్రైండర్' అంటారు. ఇక ముక్క పైభాగాన్ని అద్దంలా చదును చేసేది 'సర్ఫేస్ గ్రైండర్'. అయస్కాంతపు పలక ముక్కని గట్టిగా పట్టుకుంటుంది. బల్ల అటూ ఇటూ జరుగుతుంటే పైన చక్రం గిర్రున తిరుగుతూ పొరలు పొరలుగా ఒరుసుకుపోతుంది. వెంట్రుక మందంలో పదో వంతు తేడాని కూడా పట్టుకునే పని అది. ప్రాగా ఈ రెండు రకాల గ్రైండర్లూ చేసింది. వాటితోపాటు మిల్లింగ్ మిషన్లు, డ్రిల్ చక్‌లు, లేత్ చక్‌లు కూడా చేసింది. అంటే వేరే కార్ఖానాల పనిముట్లకి పదునిచ్చే పనిముట్లు చేసే కార్ఖానా ఇది. ఇంట్లో వాడే వస్తువు ఒక్కటీ ఇక్కడ తయారవలేదు. ఆల్విన్ ఫ్రిజ్ ఉంటే ఇంటికొచ్చిన మెహమాన్‌కి చూపించుకునేవాళ్లం. గ్రైండర్‌ని ఎవరు చూపిస్తారు? ఊరు దీన్ని ఇంత సులువుగా మరచిపోవడానికి అదీ ఒక వజే అనుకుంటాను.

మా పెద్ద మామూ ఆజమాబాద్‌లో ఒక చిన్న వర్క్‌షాప్‌లో టర్నర్‌గా ముప్పై ఏళ్లు చేశాడు. ఆ షెడ్డులో ఒక మూలన ప్రాగా కట్టర్ గ్రైండర్ ఉండేది. సెలవుల్లో టిఫిన్ డబ్బా పట్టుకెళ్లినప్పుడు చూసేవాణ్ని. కొత్త చక్రం బిగించే ముందు మామూ దాన్ని ఒక వేలికి తగిలించి, స్క్రూడ్రైవర్ చెక్క పిడితో మెల్లగా తట్టేవాడు. "ఖన్ అనాలి బేటా. ఠప్ అంటే లోపల చీలిక ఉన్నట్టే" అనేవాడు. చీలిక ఉన్న చక్రం తిరుగుతూ తిరుగుతూ పగిలిపోతే ఆ ముక్కలు తూటాల్లా వస్తాయి. సెకనుకు 30 మీటర్ల వేగం అంటే మాటలా! గ్రైండింగ్ చేసే ప్రతి దేశంలోనూ చక్రాన్ని ఇలా తట్టి చూసే ఆనవాయితీ ఉందని తర్వాత చదివి తెలుసుకున్నాను. కుమ్మరి దుకాణంలో కుండ కొనే మా నానీ కూడా సరిగ్గా అదే పని చేసేది.

ఆ చక్రంలో ఏముంటుందన్నది ఇంకో కథ. రాయి కన్నా గట్టి గింజలు, వాటిని పట్టి ఉంచే బంక. అంతే. మన దేశపు రత్నాల సానవాళ్లు ఎంతో కాలంగా కురువిందం పొడిని లక్కలో కలిపి చక్రాలు చేసుకున్నారు. ఉర్దూలో ఆ రాయిని కురండ్ అంటారు. 18వ శతాబ్దంలో మద్రాసు నుంచి ఈ రాయి నమూనాలు ఎడింబరోకి చేరాయి. వజ్రం తప్ప మిగతా రత్నాలన్నిటికీ ఇక్కడివాళ్లు దీనితోనే మెరుగు పెడతారన్న ఖబర్ కూడా వెంటే వెళ్లింది. చార్లెస్ గ్రెవిల్ అనే ఇంగ్లీషాయన 1798లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో దీని మీద వ్యాసం రాశాడు. మన దక్షిణాది పేరే ఇంగ్లీషులో 'కోరండం' అయింది. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచిసన్ కొలిమిలో కొత్త గట్టి పదార్థం తయారుచేసి, అది కార్బన్, కోరండం కలిసిన సరుకనుకుని 'కార్బోరండం' అని పేరు పెట్టాడు. నిజానికి అది సిలికాన్ కార్బైడ్, అందులో కోరండం లేదు. పొరపాటున పెట్టిన ఆ పేరులో మన కురువిందం మాత్రం అలాగే ఉండిపోయింది. మన ఖమ్మం జిల్లా నేలలోనూ ఈ రాయి దొరుకుతుంది.

చక్రం నున్నబడితే కోయదు. అప్పుడు దాని ముఖాన్ని వజ్రపు మొనతో గీకి మళ్లీ గరుకు చేయాలి. ఇంగ్లీషులో 'డ్రెస్సింగ్' అంటారు. ఇది చదివే అమ్మీలకూ నానీలకూ ఈ పని తెలుసు. తిరగలి అరిగితే వీధిలో కేక వేస్తూ వచ్చే మనిషిని పిలిచి కక్కు కొట్టించేవాళ్లు కదా, అదే ఇది. ఆ పని చేసిన వాళ్లు ఎక్కువగా మన బిరాదరీవాళ్లే. 2007లో ముస్లిం వెనుకబడిన వర్గాలకు రిజర్వేషన్ ఇస్తూ చేసిన చట్టంలో బీసీ-ఇ జాబితా తీసి చూడండి. తురక కాశ, చక్కీటకనేవాలే, తిరుగటిగంట్ల, రోళ్లకు కక్కు కొట్టేవారు అన్న పేర్లు ఒకే వరుసలో కనబడతాయి. సర్కారీ కాగితంలో ఒక హునర్ పేరు కులం పేరుగా అచ్చవడం చూస్తే నాకు ఒకవైపు ఫఖర్, ఇంకోవైపు రంజ్. పని పోయింది, పేరు మిగిలింది.

గ్రైండింగ్ యంత్రం ఎంత పెద్ద మలుపో ఒక్క మిసాల్ చెబుతాను. చార్లెస్ నార్టన్ అనే అమెరికా మిస్త్రీ (ఆయన్ని నేను ఇంజనీర్ అనను, గడియారాల కార్ఖానాలో పెరిగిన మనిషి) 1900లో వూస్టర్ పట్టణంలో గ్రైండింగ్ మిషన్ల కంపెనీ మొదలుపెట్టాడు. అప్పటిదాకా సన్నగా మెరుగు పెట్టడానికే తప్ప ఈ యంత్రం బరువు పనికి రాదనుకునేవాళ్లు. ఆయన వెడల్పాటి చక్రం, బరువైన దిమ్మ పెట్టి మోటారు కారు క్రాంక్‌షాఫ్ట్‌ని రుద్ది చూపించాడు. ఐదు గంటల పని పదిహేను నిమిషాల్లో అయింది. హెన్రీ ఫోర్డ్ అలాంటివి 35 యంత్రాలు కొన్నాడు. కారు ధర దిగిరావడంలో సాన రాయి హిస్సా చిన్నదేం కాదు.

అలాంటి యంత్రాలు మన దేశానికి ఓడల మీద రావాల్సిందే. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఇంగ్లండ్, అమెరికా తమ యంత్రాలు తమకే చాలక దాచుకున్నాయి. ఇక్కడ ఫౌజ్‌కి కావలసిన సరుకు చేయాలంటే పనిముట్లు ఇక్కడే తయారు చేసుకోక తప్పని రోజులు. ప్రాగా పుట్టింది ఆ రోజుల్లోనే. హైదరాబాద్ రియాసత్‌లో అప్పటికే కార్ఖానాల గాలి వీస్తోంది. కోటి రూపాయలతో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ 1929లో ఏర్పడింది. అదే ఏడు ఉస్మానియాలో ఇంజనీరింగ్ కాలేజీ తెరిచారు. వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు 1934లో, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ 1937లో, ఆల్విన్ 1942లో వచ్చాయి. 1917లో పెట్టిన దారుల్ తర్జుమా సైన్సు, ఇంజనీరింగ్ కితాబులను ఉర్దూలోకి దించుతూ ఉండేది. ఇంజనీరింగ్ చదువు ఉర్దూలో సాగిన ఊరు ఇది. ఈ మాట ఇవాళ్టి మన పిల్లలకు చెబితే నమ్మరు. కార్ఖానాల్లో మాత్రం ఆ జబాన్ ఆనవాళ్లు చాలా కాలం బతికాయి. ఉస్తాద్, షాగిర్ద్, మిస్త్రీ, ఖరాద్, రేతీ, షికంజా. తెలుగు మజ్దూర్లు, ఉర్దూ మజ్దూర్లు ఇద్దరూ అవే మాటలతో పని నేర్చుకున్నారు. మా మామూ అయితే లేత్‌ని చివరిదాకా ఖరాదే అన్నాడు.

నిజాం నగల గురించి, పైగా మహళ్ల గురించి మనవాళ్లు ఎంతైనా రాస్తారు. 1948 సెప్టెంబర్ తర్వాత ఎన్నో ముస్లిం ఇళ్లల్లో సర్కారీ నౌకరీలు పోయాయి. అప్పుడు పొయ్యి వెలిగించింది ఆ నగలు కావు. మా ఖాందాన్‌లో మున్షీగిరీ పోయిన తాతకు ముగ్గురు కొడుకులుంటే ముగ్గురూ చేతిపని పట్టారు. ఒకరు టర్నర్, ఒకరు వెల్డర్, ఒకరు మోటార్ వైండింగ్. మా మొహల్లాలో ఇంటింటికీ ఇదే కథ. కార్ఖానా సైరన్ విని గడియారం సరిచేసుకునే బస్తీలు ఇవాళ దర్గాల పేర్లు, దేవిడీల పేర్లు చెప్పుకుంటాయి. సైరన్ ఊసు ఎవరూ ఎత్తరు.

గ్రైండర్ తయారుచేయడంలో అసలు కష్టం ఎక్కడో చెప్పాలి. చక్రం తిప్పడం సులువు, మోటారు తిప్పుతుంది. బల్ల జారే దారులు నిక్కచ్చిగా చదునుగా ఉండాలి. యంత్రంలో ఉన్న వంకర ముక్కలోకి దిగిపోతుంది కదా. పోతపోసిన ఇనుప దిమ్మని వెంటనే వాడరు, లోపలి బిగువులు సడలేదాకా ఉంచుతారు. తర్వాత మిస్త్రీ ఒక సమతలపు పలకకి నీలి రంగు పూసి దిమ్మ మీద రుద్దుతాడు. రంగు అంటిన చోటు ఎత్తు అన్నమాట. ఆ చుక్కని చేతి రేకుతో గీకుతాడు. మళ్లీ రంగు, మళ్లీ గీకుడు. రోజుల తరబడి అదే. దిమ్మంతా నీలం చుక్కలు సమానంగా పరుచుకున్నప్పుడు పని పూర్తయినట్టు. పాత మిషన్ల దారుల మీద చేప పొలుసుల్లాంటి గీతలు కనబడతాయి, చూసే ఉంటారు. అది ముస్తాబు కాదు, ఒక మనిషి మెహనత్ దస్తఖత్. ఈ పని ఏ కితాబూ చదివి రాదు. ఒక ఉస్తాద్ పక్కన ఏళ్లపాటు నిలబడితేనే చేతికొస్తుంది. కార్ఖానాలో మనిషిని తీసేయడం అంటే ఏమిటో అర్థం కావాలంటే ఇది మనసులో పెట్టుకోవాలి.

ఇప్పుడు కేసు. స్వాతంత్ర్యం తర్వాత కంపెనీలో ప్రభుత్వ వాటా పెరుగుతూ వచ్చింది. 1960ల్లో ఇది రక్షణ శాఖ కిందికి వెళ్లింది. ఆ దశకం చివరికి కేంద్రానికి 56 శాతం, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి 32 శాతం, మిగిలిన 12 శాతం బయటివాళ్లకు షేర్లున్నాయి. లెక్క చూసుకోండి, నూటికి 88 సర్కారుదే. అప్పటి హాలాత్ బాగా లేవు. 1965 యుద్ధం, వరసగా రెండేళ్ల కరువు, 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గింపు, పంచవర్ష ప్రణాళికకు సెలవు. కొత్త కార్ఖానాలు ఆగిపోతే యంత్రాలు చేసే యంత్రాలకి గిరాకీ ముందుగా పడిపోతుంది. దేశమంతటా మెషిన్ టూల్ పరిశ్రమ ఆ దెబ్బ తిన్నది.

ప్రాగాలో రెండు యూనియన్లు ఉండేవి. యాజమాన్యం ఒక యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది. దాని ప్రకారం 92 మంది మజ్దూర్లను 1968 జనవరి 1 నుంచి తీసేయవచ్చు. 1967 డిసెంబర్ 20న నోటీసు పెట్టారు. కొత్త సంవత్సరానికి పన్నెండు రోజుల ముందు! అవతలి యూనియన్ కార్మికులు మా తరఫున ఒప్పుకోవడానికి మీరెవరని హైకోర్టులో రిట్ వేశారు. మొదట ఓడిపోయారు. అప్పీలు విన్న బెంచ్ మాత్రం మధ్యేమార్గం పట్టింది. కంపెనీ మీద మాండమస్, అంటే పని చేసి తీరమనే హుకుం, జారీ చేయలేం గానీ ఆ ఒప్పందం చెల్లదని ప్రకటిస్తామంది.

కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1969 ఫిబ్రవరి 19న ఫైసలా వచ్చింది. ఇది కంపెనీల చట్టం కింద రిజిస్టరైన సంస్థ, శాసనం పుట్టించినది కాదు. ఆ ఒప్పందం విషయంలో ఏ చట్టమూ దాని మీద పబ్లిక్ బాధ్యత పెట్టలేదు. కనుక దాని మీద రిట్ నడవదు. రిట్టే నడవనప్పుడు ప్రకటన కూడా ఇవ్వకూడదు. కార్మికులకి హక్కు ఉంటే పారిశ్రామిక వివాదాల చట్టం దారి చూసుకోవాలి. ఇదీ సారాంశం. షేర్లలో 88 శాతం ఎవరివన్నది తీర్పును మార్చలేదు.

ఖానూన్ పరంగా ఆ కాలానికి ఇది విడ్డూరమైన తీర్పేం కాదు. నాకు మింగుడు పడనిది వేరే. పారిశ్రామిక వివాదాల చట్టం దారి అంటే అప్పట్లో కార్మికుడు నేరుగా లేబర్ కోర్టు తలుపు తట్టే వీలు లేదు. ముందు రాజీ అధికారి, ఆ తర్వాత ప్రభుత్వం ఆ వివాదాన్ని కోర్టుకు నివేదించాలి. నివేదించాల్సింది ప్రభుత్వం, కంపెనీలో 88 శాతం వాటా ప్రభుత్వాలది. ముద్దయీ గానీ, ముల్జిమ్ ఇంటి గుమ్మంలో నిలబడి దర్ఖాస్తు ఇవ్వాలన్నమాట. ఇది నా సొంత రాయ్, తీర్పులో ఉన్న మాట కాదు.

తర్వాతి కాలంలో గాలి మారింది. 1975లో, 1979లో వచ్చిన తీర్పులు ప్రభుత్వం అంటే ఎవరన్న గీతని జరుపుతూ వచ్చాయి. 1980 నవంబర్‌లో శ్రీనగర్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ అడ్మిషన్ల మీద వచ్చిన అజయ్ హాసియా కేసులో సుప్రీంకోర్టు అసలు సవాలు వేసింది. సంస్థ ఎలా పుట్టిందన్నది కాదు, ఎవరి చేతిలో కీలుబొమ్మగా నడుస్తోందన్నది చూడాలి. డబ్బు ఎవరిది, పట్టు ఎవరిది? ఆ కొలబద్ద 1969లో ఉండి ఉంటే కవాడిగూడ మజ్దూర్లను కోర్టు ఇంత సులువుగా తలుపు దగ్గరే ఆపగలిగేదా? ఆపలేకపోయేదని నా అందాజా. 1987లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టాన్ని సవరించి, తీసేసిన కార్మికుడు ప్రభుత్వ నివేదనతో పని లేకుండా తానే లేబర్ కోర్టుకు వెళ్లే వీలు కల్పించింది. ప్రాగా మజ్దూర్లకి ఇరవై ఏళ్లు లేటు. అయినా ప్రాగా టూల్స్ పేరు చెరిగిపోలేదు. ప్రైవేటు సంస్థ మీద మాండమస్ నడుస్తుందా అన్న బహస్ వచ్చినప్పుడల్లా వకీళ్లు ఆ తీర్పు తిరగేస్తూనే ఉంటారు. ఒకరు దాన్ని డాలుగా పట్టుకుంటారు, ఇంకొకరు దాన్ని ఎలా పక్కకు నెట్టాలో చూస్తారు.

కంపెనీ సంగతి తొందరగా చెప్పేస్తాను, చెప్పడానికి పెద్దగా ఖుషీ లేదు. 1988లో ప్రాగాను హెచ్‌ఎంటీకి అనుబంధ సంస్థ చేశారు. తర్వాత హెచ్‌ఎంటీ మెషిన్ టూల్స్‌లో కలిపేశారు. 1991 తర్వాత బయటి దేశాల మిషన్లు, పాత మిషన్లు కూడా, సులువుగా దిగుమతి కావడం మొదలైంది. కంప్యూటర్ నడిపే గ్రైండర్లు వచ్చాయి. నీలి రంగు పూసి గీకే ఉస్తాద్‌ల కాలం సన్నబడింది.

మన ఇళ్లల్లో ఇంకా కొందరు బుజుర్గ్‌లు ఉన్నారు. ఆల్విన్‌లో, ప్రాగాలో, ఆజమాబాద్ షెడ్లలో చేసినవాళ్లు. వాళ్ల చేతుల మీద చిన్న చిన్న నల్ల మచ్చలుంటాయి, నిప్పురవ్వలు పడి చర్మంలో ఉండిపోయిన ఇనుము. పింఛను కాగితాల గురించి కాకుండా పని గురించి వాళ్లని అడిగి చూడండి. నేను అడిగిన ప్రతివారూ మొదట "అందులో ఏముంది బాబూ చెప్పడానికి" అన్నారు. ఆ తర్వాత మగ్రిబ్ అజాన్ దాకా ఆపలేదు. ఎవరి చక్రం ఎంత మోతాదు, ఏ ఉక్కుకి ఏ గింజ, నీళ్లూ నూనే ఎంత కలిపితే ముక్క కాలదు, ఇవన్నీ నాలుక చివరన ఉన్నాయి. ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటే చాలు.

యంత్రాలు మాత్రం మొండివి. పాత మిషన్లు కొనీ అమ్మే వ్యాపారుల జాబితాల్లో ఇప్పటికీ 'ప్రాగా సర్ఫేస్ గ్రైండర్', 'ప్రాగా టూల్ అండ్ కట్టర్ గ్రైండర్' అని కనబడుతూనే ఉంటాయి. ఫొటోలో రంగు పోయి ఉంటుంది, నూనె కారిన మరకలుంటాయి. దిమ్మ మీద పోతపోసిన అక్షరాలు మాత్రం చదవొచ్చు. కింద ఒక లైను రాసి ఉంటుంది: రన్నింగ్ కండిషన్.